చుక్క

లోగో పెన్ డ్రైవ్‌లో వచ్చింది, ఆదివారం పొద్దున,
షట్టరు ఇంకా సగమే లేచింది.
ఒకే గీత. అలలా లేచి, పరిగెత్తే మనిషిలా వంగి,
చివర ముగ్గులా ముడిపడి ఆగుతుంది.
దాన్ని గీసినందుకు ఢిల్లీ కంపెనీకి ఎంతిచ్చారో
తెచ్చిన కుర్రాడు చెవిలో చెప్పాడు.
నా మిషను వాయిదాలు పదకొండేళ్లు కట్టుకోవచ్చు.

టీ కొట్టు దేశమ్మ చూసి "పొట్లకాయా?" అంది.
ఆటో నాగూర్ మీరా "కాదక్కా, నీళ్ల లారీ ట్యూబు" అన్నాడు.
నాకు మాత్రం నీలం మీదే బెంగ.
వాళ్లడిగిన నీలం నా ఇంకులో లేదు,
ఎన్నిసార్లు కలిపినా కాశిమేడు నీళ్ల రంగే వస్తోంది,
పడవల మధ్య డీజిలు తేలే చోట, తెల్లారి ఆరింటికి.
సరే, అదీ మన సముద్రమేగా అని ప్రింటు కొట్టాను.

రెండో ఫైలు మ్యాపు.
అరవై అడుగులు, విమానాశ్రయం దారిలో కట్టడానికి.
ఈత వేళచ్చేరిలో, టెన్నిస్ నుంగంబాక్కంలో,
పడవలు ముట్టుకాడు వెనకనీళ్లలో,
బాక్సింగు ఈసీఆర్ మీద, ఇంకా పునాది తియ్యని అద్దాల హాల్లో.
ఆటకో బొమ్మ, చేతులూ కాళ్లూ ఉండి మొహం లేని మనుషులు.
జూమ్ చేసుకుంటూ పైకి పోయాను.
కూవం దాటాక బొమ్మలు పలచబడ్డాయి,
బేసిన్ బ్రిడ్జి దాటాక ఒక్కటీ లేదు.
మా వ్యాసర్‌పాడి ఉండాల్సిన చోట
ఏ రంగుకి ఏ అర్థమో చెప్పే పెట్టె పెట్టారు.
ఖాళీ జాగా అనుకొని ఉంటారు.

ఆ పెట్టె కింద
కార్పొరేషన్ బడి వెనక రేకుల షెడ్డు,
పెంచలయ్య మాస్టారు, ఆయన ఈల,
గజలక్ష్మి, యాభై నాలుగు కిలోలు, ఎడమచేతి వాటం,
జాతీయ పోటీల్లో కంచు గెలిచి
సెంట్రల్లో దిగి షేర్ ఆటోలో ఇంటికొచ్చిన పిల్ల.
అక్కడ వేలాడే బస్తా కడుపు నింపింది నేనే.
ఇసుకతో పాటు నా కొట్లో మిగిలిన ఫ్లెక్సు ముక్కలు:
చెవులు కుట్టించుకున్న పిల్లలు, పుట్టినరోజు నాయకులు,
కన్నీటి అంజలి తాతలు, అందరూ లోపలే.
గజ కొట్టినప్పుడల్లా ఎవరిదో మూతి పగులుతుంది,
ఎవరిదన్నది మాకూ తెలియదు.

పెట్టెని జరిపే హక్కు నాకు లేదు.
అయినా మౌసు నా చేతిలో ఉంది.
తెర మీద రెండంగుళాలు, సముద్రంలోకి తోశాను.
ఖాళీ అయిన చోట ఒక ఎర్ర చుక్క.
పేరు రాయలేదు. రాస్తే దొరికిపోతాను.

చూడ్డానికొచ్చిన విదేశీ బృందం ఆ ఫ్లెక్సు ముందు కార్లాపిందట.
ఒక తెల్లజుట్టావిడ అన్నీ వదిలేసి
ఆ చుక్కకేసి వేలు చూపించి ఇదేమిటందట.
ఆఫీసరు తిరుమారన్ గుటక మింగి
"ఫ్యూచర్ వెన్యూ" అన్నాడట.
కారు డ్రైవరు చెప్పాడు నాతో.
మూడు రాత్రులు కొట్లోనే, లోపల్నుంచి గడియ పెట్టుకు పడుకున్నాను.
ఎవరూ రాలేదు.
బిల్లు డబ్బులూ రాలేదు.

ఆటలు వేరే ఊరికి పోయాయి.
పేపర్లో నాలుగో పేజీ, బంగారం ధర కింద.
వానలకి ముందు ఫ్లెక్సులన్నీ విప్పి
లారీలో తెచ్చి నా గుమ్మం ముందే పడేసిపోయారు.
ఈతా టెన్నిసూ దేశమ్మ కొట్టు మీదికెక్కాయి,
పడవలు నాగూర్ మీరా పట్టుకెళ్లాడు, ఆటో టాపు కారుతోందని.
లోగోని నేనూ గజా కూర్చుని కత్తిరించాం.
కొత్త బస్తా. అడుగున అల, పైన ముగ్గు ముడి,
నడుమ ఎక్కడో పరిగెత్తే కాలు.

"చుక్క కూడా లోపల వెయ్యనా?" అన్నాను.
వద్దంది.
బస్తా బయట, తన గడ్డం ఎత్తుకి అంటించుకుంది.
రోజూ సాయంత్రం అయిదింటికి అక్కణ్ణించే మొదలెడుతుంది.

పది రోజులకే ఎరుపు రాలి తెలుపు బయటపడింది.
మాస్టారు నోట్లోంచి ఈల తీసి నాకేసి చూశారు.
"ఇంకోటి కొట్టుకురావయ్యా,
ఈసారి కాస్త పెద్దది."